పక్కింటి అక్క నెగటివ్

నా చిన్నప్పుడు మా సందులో ఒక వేసవిలో ఒక సినిమా తార బుగ్గ గురించి పెద్ద వాదన నడిచింది. ఆ బుగ్గ నిజంగా అంత నున్నగా ఉంటుందా, లేక ఫోటోలో అలా చేశారా అన్నది మా ప్రశ్న. ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్న అభిమానుల గ్రూపులోనూ రోజూ జరిగేది అదే. ఎవరో ఒక ఫోటో పెడతారు. ఇంకొకరు దాన్ని పెద్దది చేసి మెడ రంగుకీ ముఖం రంగుకీ తేడా చూపిస్తారు. ఫ్లాష్ వెలుగని ఒకరు, ఫిల్టర్ అని ఒకరు, పుట్టుకతోనే అంత అందమని ఒకరు. పాపను పడుకోబెట్టి నేను అవన్నీ చదువుతాను. చదివి అద్దంలో నా ముఖం చూసుకుంటాను. తర్వాత పాప ముఖం చూసి, రేపు దీన్ని ఎవరు ఏమంటారో అని దిగులు పడతాను. గ్రూపులోంచి బయటికి రావడం ఒక్క వేలితో అయ్యే పని. రెండేళ్లుగా ఆ పని చెయ్యలేకపోతున్నాను. అలా చదువుతూ ఉంటే ఈ మధ్య ఆ వేసవి గుర్తొచ్చింది.

అప్పుడు మేము బరంపురం పాత ఊళ్లో ఉండేవాళ్లం. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, సగం ఒడియా వాళ్లవి, సగం మనవాళ్లవి. మా నాన్న గిరిసోల బడిలో మాస్టారు, రోజూ రైల్లో వెళ్లి వచ్చేవారు. ఇచ్ఛాపురం నుంచి అదే బడికి వచ్చే మాస్టారు ఒకాయన ప్రతి శనివారం తెలుగు సినిమా వారపత్రిక తెచ్చి నాన్న చేతిలో పెట్టేవారు. నాన్న దాన్ని ఎప్పుడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అది నేరుగా పక్కింటి అక్కకు వెళ్లేది.

పక్కింటి అక్క ఆ ఏడే బి.ఏ. పరీక్షలు రాసింది. నాకు పదకొండేళ్లు. చిన్నతనంలో అమ్మవారు పోసి అక్క ఎడమ బుగ్గ మీద మచ్చలు మిగిలిపోయాయి. ఏడు చిన్న గుంతలు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం కాబట్టి నాకు వాటిలో వింతేమీ ఉండేది కాదు. కానీ అక్క కాలేజీకి తప్ప గడప దాటేది కాదు. పెళ్లిళ్లకు రాదు, బజారుకు రాదు. ఎవరింట్లో అందరినీ నిలబెట్టి ఫోటో తీసినా సరిగ్గా ఆ సమయానికి ఆమెకు వంటింట్లో పని పడేది. మా అరుగు మీద కూర్చున్నా, సందులో వచ్చేపోయేవాళ్లకు కనబడకుండా ఎడమ బుగ్గ గోడ వైపుకు వచ్చేలా కూర్చునేది. వాళ్లమ్మ ఆమెను బయటికి వెళ్లమనీ అనేది కాదు, వద్దనీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే తలుపుకు గడియ వేసినట్టు ఉండేదని ఇప్పుడు, నేను తల్లినయ్యాక, అనిపిస్తుంది.

ఆ అరుగే మా అభిమాన సంఘం. అక్క, నేను, ఎదురింటి పిల్ల. ముగ్గురికీ ఒకే తార అంటే పిచ్చి. ఆమె బొమ్మలు కత్తిరించి, అన్నం మెతుకులతో ఒక పాత నోటు పుస్తకంలో అంటించేవాళ్లం. ఎదురింటి పిల్ల నాకంటే రెండేళ్లు పెద్దది, నోరు ఇంకా పెద్దది. తార గురించి ఏ మాట వచ్చినా చివరి మాట తనదే కావాలి.

ఒక వారం పత్రికలో ఆమె బొమ్మలు రెండు వచ్చాయి. నడిపేజీలో రంగుల బొమ్మ. బుగ్గలు వెన్నముద్దలే. వెనక పేజీలో అరచేతిలో సగం ఉన్న నలుపు తెలుపు బొమ్మ, ఎక్కడో ఎండలో షూటింగు మధ్యలో గొడుగు కింద నిలబడి నీళ్లు తాగుతున్నది. ఆ చిన్న బొమ్మలో ఆమె బుగ్గ మీద చుక్కలు కనిపించాయి. ముందుగా చూసింది అక్కే. ఎదురింటి పిల్ల ఒప్పుకోలేదు, అచ్చులో ఇంకు చుక్కలు పడ్డాయంది. అక్క కాదంది. రంగుల బొమ్మకు ఫ్లాష్ ఎదురుగా కొట్టారు కాబట్టి బుగ్గ చదునుగా వచ్చింది, ఎండ పక్క నుంచి పడింది కాబట్టి ఇక్కడ నిజం బయటపడింది అంది. మూడు రోజులు అదే గొడవ. చివరికి పత్రిక పట్టుకుని మా తాతయ్య దగ్గరికి వెళ్లాం.

మా తాతయ్య ఊళ్లో ఒక ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేసేవారు. ఫోటోలు తీసేది యజమాని. తాతయ్య పనంతా నెగటివ్ మీద. మన ముఖం మీద నీడ పడ్డ చోటు నెగటివ్‌లో తెల్లగా, పలచగా ఉంటుంది. అక్కడ సూదిలా చెక్కిన పెన్సిలుతో, కంటికి ఆనీ ఆనని గీతలు పెడితే, కాగితం మీద అచ్చు వేసినప్పుడు ఆ నీడ తేలికపడుతుంది. ముడతలు, మొటిమలు, కళ్ల కింద నలుపు, అన్నీ అలా పోయేవి. ఆ పని ఆయన ఇంట్లోనే, పొద్దుటి వెలుగులో కిటికీ దగ్గర చేసేవారు. నెగటివ్ పెట్టుకునే ఏటవాలు చెక్కకు మధ్యలో గరుకు గాజు పలక, దాని కింద వెలుగును పైకి కొట్టే అద్దం. చాలు అనిపించే ముందే చెయ్యి ఆపెయ్యాలని తనలో తను అనుకుంటూ పని చేసేవారు. నెగటివ్‌లో ముఖం బొటనవేలి గోరంత. అక్కడ ఆవగింజంత తప్పు కాగితం మీద కందిగింజంత అవుతుంది.

తాతయ్య భూతద్దం పెట్టి రెండు బొమ్మలూ చాలాసేపు చూశారు.

"మచ్చలే ఇవి. ఇంకు సుక్కలైతే బొమ్మంతా ఉంటాయి గానీ ఒక్క బుగ్గనే ఎందుకుంటాయి? ఈ రంగు బొమ్మలో తీసీసినోడు మంచి పనోడే. గానీ సెవి కింద రెండు మర్సిపోనాడు, సూడండి."

నిజంగానే చెవి కింద రెండు ఉన్నాయి. ఎదురింటి పిల్ల ముఖం మాడ్చుకుని, అయితే అంత పెద్ద హీరోయిన్‌కి కూడా అమ్మవారు పోసిందంటారా తాతా అని అడిగింది.

"పొయ్యకూడదేటి? ఆవిడ మనిషి కాదేటి?" అన్నారు తాతయ్య.

అక్క భూతద్దం తీసుకుని ఆ చెవి కింద చోటునే చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం అరుగు మీద గోడకు దూరంగా, మధ్యలో కూర్చుంది.

తర్వాతి వారం ఊళ్లోని కేబుల్ వాళ్లు తెలుగు వార్తలు చదవడానికి అమ్మాయి కావాలని తెర కింద అక్షరాలు పరిగెత్తించారు. తెలుగూ ఒడియా రెండూ రావాలి. అర్జీకి ఫోటో జతచేసి బుధవారం సాయంత్రం ఐదింటి లోపు వాళ్ల ఆఫీసులో ఇవ్వాలి. అక్క అర్జీ రాసింది. వాళ్లమ్మ రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా మడిచి ఇచ్చేసింది. శనివారం అక్క తాతయ్య వెంట స్టూడియోకు వెళ్లింది, నన్నూ తీసుకువెళ్లింది. అప్పటికి రంగు ఫోటోలు వచ్చేసినా ఆ స్టూడియోలో అర్జీలకు నలుపు తెలుపే తీసేవారు. యజమాని అక్కను చూసి ఒడియాలో తాతయ్యకు ధైర్యం చెప్పాడు. ఫ్లాష్ ఎదురుగా కొడితే సగం పోతాయి, మిగిలిన సగం మీ చేతిలో పోతాయి అని. అక్కకు ఒడియా రానట్టు, ఆమె ముందే.

అక్క స్టూలు మీద నిటారుగా కూర్చుని తెలుగులోనే తాతయ్యతో చెప్పింది. "ఫ్లాష్ వద్దు తాతగారూ. మీరూ పెన్సిలు పెట్టొద్దు. ఉన్నవి ఉన్నట్టే రానీండి. ఈ ముఖం సూసి పిలిస్తే ఎల్తాను, లేకపోతే లేదు."

తాతయ్య సరేనన్నారు. దుమ్ము చుక్కలేమైనా పడితే అవి మాత్రం తీస్తానని మాట ఇచ్చారు. దీపం పక్కనుంచి పెట్టించి ఫోటో తీయించారు.

ఆదివారం పొద్దున నెగటివ్ తాతయ్య చెక్క మీద ఉంది. ఆయన స్నానానికి వెళ్లారు. నేను వెళ్లి చూశాను. తలకిందులైన వెలుగులో అక్క నల్లటి ముఖంతో, తెల్లటి జడతో ఉంది. ఆ నల్లటి బుగ్గ మీద ఏడు తెల్ల చుక్కలు, ఇంట్లో ఎప్పుడూ కనిపించనంత స్పష్టంగా. నాకు భయమేసింది. ఈ ఫోటో చూసి వాళ్లు పిలవరు, అక్క మళ్లీ గోడ పక్కకే వెళ్లిపోతుంది అనుకున్నాను. అప్పటికప్పుడు అక్కను కాపాడేయాలనిపించింది. పెన్సిలు తీసుకుని మొదటి చుక్క నింపాను. నిండినట్టు అనిపించలేదు, ఇంకొంచెం నింపాను. ఏడూ అయ్యాక చూస్తే అవి ఈసారి కాటుక బొట్లలా ఉన్నాయి. అచ్చు వేస్తే సున్నపు చుక్కల్లా వస్తాయని అంత చిన్నదాన్నయినా నాకు తెలుసు. కంగారులో వేలు తడి చేసుకుని రుద్దాను. టచింగ్ ఇంట్లో పెరిగిన పిల్ల చెయ్యకూడని పని అదొక్కటే. తడి తగిలిన చోట నెగటివ్ మీది పొర మెత్తబడి, వేలి వెంట లేచి వచ్చేసింది. బుగ్గ నుంచి చెవి దాకా చార, దాని అంచుల్లో ఏడు బొట్లూ ఇంకా తెలుస్తూనే ఉన్నాయి.

తాతయ్య తల తుడుచుకుంటూ వచ్చి చూశారు. నా చేతిలో పెన్సిలు ఇంకా ఉంది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. పెన్సిలు తీసుకుని చెక్క మీద పెట్టి, నా వేలికి అంటిన నలుపు తన తువ్వాలుతో తుడిచారు. అక్కకు నేనేమీ చెప్పవద్దన్నారు. తన చెయ్యి జారిందని చెబుతానన్నారు, రేపు మళ్లీ ఫోటో తీయిస్తానన్నారు, అంతటితో సరి. నా గుండెల మీది రాయి దిగిపోయింది. తాతయ్య అంత మంచివాళ్లు లోకంలో లేరనుకున్నాను.

సాయంత్రం అక్క వచ్చింది. తాతయ్య తన వయసునూ చేతి వణుకునూ తిట్టుకుంటూ విషయం చెప్పారు. అక్క నెగటివ్ అడిగి తీసుకుంది. కిటికీ వెలుగుకు పట్టుకుని చూసింది. నేను తలుపు వెనక ఉన్నాను.

"సెయ్యి జారితే ఒక్క సోట జారతాది తాతగారూ," అంది మెల్లగా. "ఏడు సోట్లా జారదు."

మాట ఇచ్చి కూడా తన మచ్చలు చెరపబోయిన మనిషి తాతయ్య అని అక్క అనుకుంది. కాదని చెప్పాలంటే ఆయన నా పేరు చెప్పాలి. ఆయన నోరు తెరిచి, నేనున్న తలుపు వైపు ఒకసారి చూసి, మూసేసుకున్నారు. రేపు మళ్లీ తీయిస్తానమ్మా అని మాత్రం అన్నారు. వద్దులెండి అని అక్క నెగటివ్‌ను కవరులో పెట్టి, కవరును చెక్క మీద పెట్టి వెళ్లిపోయింది.

సోమవారం, అక్క దగ్గరుండే మా బొమ్మల నోటు పుస్తకం వాళ్లమ్మ చేత తిరిగి వచ్చింది. పక్కింటి తలుపు మూసే ఉంది. ఎదురింటి పిల్ల అరుగు మీద ఒక్కర్తే కూర్చుని, మీ అక్క వార్తలు సదవడానికి ఎల్తాదా లేకపోతే బియ్యం ఏరుకుంటాదా అని నన్ను అడిగింది. నేను లోపలికి వచ్చేశాను. అక్క గదికీ మా గదికీ మధ్య ఒకటే గోడ. మామూలుగా రేడియో వినిపించేది, ఆమె పాడుకోవడం వినిపించేది. ఆ రోజు ఏమీ వినిపించలేదు. ఆ గోడకు ఇటువైపు నేను కూడా ఇరుక్కుపోయాను. చెబితే తాతయ్య మాట అబద్ధమవుతుంది. చెప్పకపోతే బుధవారం దాటిపోతుంది. అన్నం కంచంలోనే వదిలేశాను. అమ్మ వేడి చేసిందని మజ్జిగ తాగించింది. తాతయ్య స్టూడియో నుంచి వచ్చి, రోజూలా పెన్సిళ్లు చెక్కుకోకుండా ఊరికే కూర్చునేవారు. ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంత ఊపిరాడని ఇల్లు తర్వాత మళ్లీ నేను చూడలేదు.

మంగళవారం సాయంత్రం తాతయ్య నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"నీ తప్పు కనబడకుండా నాను టచింగ్ సేసినాను అమ్మలూ," అన్నారు. "ఎక్కువైపోనాది. నువ్వూ సెడిపోనావు, ఆ పిల్ల బొమ్మా సెడిపోనాది. పద, ఎల్దాం. నువ్వు సెప్పు. నాను పక్కన నిలబడతాను గానీ మాటాడను."

మీరే చెప్పండి తాతయ్యా అని ఏడ్చాను. ఆయన ఒప్పుకోలేదు. తాను ఇంకోసారి చెబితే అక్క నమ్మదన్నారు. నమ్మినా, నా నోరు మూతపడే ఉంటుందన్నారు. చెయ్యి పట్టుకుని లేపారు. మా గడపకూ వాళ్ల గడపకూ పది అడుగులు. ఆ పది అడుగులూ ఆయన నా వేళ్లు గట్టిగా పట్టుకునే ఉన్నారు.

వాళ్లమ్మ తలుపు తీసింది. అక్క నేల మీద చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి తాతయ్యను చూసి మళ్లీ చాటలోకి చూసింది. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. మాట్లాడరని అర్థమైంది. నెగటివ్ మీద పెన్సిలు పెట్టింది నేనని చెప్పాను. తడి వేలు కూడా చెప్పాను. తాతయ్య స్నానానికి వెళ్లారని చెప్పాను.

అక్క చేతిలో మట్టిబెడ్డ ఒకటి ఉంది. దాన్ని పక్కన పెట్టింది. "ఎందుకు సేసినావు?"

"నిన్ను పిలవరేమోనని భయమేసింది."

అక్క చెయ్యి ఎడమ బుగ్గ మీదికి వెళ్లింది. "అయితే నీకూ కనబడతన్నాయన్నమాట," అంది.

కనబడవు అనబోయాను. ఎప్పుడూ కనబడలేదు, ఆ నెగటివ్‌లో తప్ప. కానీ ఆ మాట చెప్పడం నాకు రాలేదు, చెప్పినా ఆమె ఎందుకు నమ్మాలి? ఏడు చోట్లా పెన్సిలు పెట్టిన చెయ్యి నాదే కదా. నా తప్పు నెగటివ్ పాడుచెయ్యడం అనుకుంటూ వచ్చాను. అది కాదని అప్పుడు తెలిసింది.

అక్క తాతయ్య వైపు తిరిగి, మీరెందుకు ఊరుకున్నారని అడిగింది. ఆ ప్రశ్న తనకే వేసింది కాబట్టి ఆయన జవాబిచ్చారు. పిల్లను దాయబోయి నిన్ను నొప్పించాను తల్లీ, నాదీ తప్పే అన్నారు. వాళ్లమ్మ ఇంతసేపూ తలుపు పట్టుకునే నిలబడి ఉంది. అప్పుడు మొదటిసారి నోరు తెరిచింది. రేపు సాయంత్రం ఐదింటి దాకా సమయం ఉంది కదే అంది కూతురితో. ఆ ఇంట్లో అలాంటి మాట నేను ఎప్పుడూ వినలేదు. అక్క కూడా విననట్టుంది, తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత చాట పక్కకు జరిపి, స్టూడియో ఎన్నింటికి తెరుస్తారు తాతగారూ అని అడిగింది.

బుధవారం నన్ను తీసుకువెళ్లలేదు. నేను అడగలేదు. తాతయ్య పక్క దీపంతోనే ఫోటో తీయించి, మధ్యాహ్నానికి అచ్చు వేయించి, నాలుగున్నరకు అక్కతో పాటు కేబుల్ ఆఫీసుకు వెళ్లి వచ్చారు. దుమ్ము చుక్క కూడా ముట్టుకోలేదట. పది రోజులకు పిలుపు వచ్చింది. అక్క ఏడాదిన్నర ఆ వార్తలు చదివింది. ఆ కేబుల్ బొమ్మ ఎంత ఘోరంగా వచ్చేదంటే, అందులో మచ్చలు సరే, ముక్కు ఎక్కడుందో కూడా వెతుక్కోవలసి వచ్చేది. ఎదురింటి పిల్ల మాత్రం సందంతా తిరిగి, మా అక్కే, మా అక్కే అని చెప్పేది. ఆ ఏడాదిన్నరలో అక్క బజారుకు వెళ్లడం మొదలుపెట్టింది. తర్వాత కొడల అనే ఊరి దగ్గర ఒక బడిలో టీచరుగా చేరి వెళ్లిపోయింది.

నాతో మళ్లీ మాట్లాడటానికి ఆమెకు నెల పట్టింది. మాట్లాడింది, నవ్వింది, పత్రికలు కూడా చూపించింది. కానీ నా ముందు ఎడమ బుగ్గ మీద చెయ్యి పెట్టుకోవడం అప్పుడు అలవాటైంది. అంతకుముందు అందరి ముందూ గోడ ఉండేది, నా ముందు ఉండేది కాదు. నిజం చెప్పడం వల్ల ఆమె ఫోటో తిరిగి వచ్చింది. ఆ బుగ్గ నాకు తిరిగి రాలేదు. అది నేను ఒప్పుకోవలసిన సంగతే.

నేను భయస్తురాలైన తల్లిని. పాప చేతిలో ఏదైనా పగిలితే ఎవరూ ఏమీ అనకముందే నేనే చేశానండీ అనేస్తాను. దాని తరఫున క్షమాపణలు చెప్పి చెప్పి నాకు నోరు అరిగిపోయింది, దానికి నోరు తెరిచే అవసరమే రాలేదు. మొన్న బరంపురం శివారు అంకులిలో మేము ఇప్పుడుండే ఇంట్లో, కింది వాటాలో ఉండే పెద్దావిడ తులసి కుండీ పాప బంతి తగిలి పగిలింది. పాప పైకి పరిగెత్తుకొచ్చి నా కుచ్చిళ్లలో ముఖం దాచుకుంది. ఆవిడ ఇంట్లో లేదు. నేను వేరే కుండీ కొని తెచ్చి, మట్టి నింపి, మొక్క నాటి, ఏమీ జరగనట్టు అక్కడ పెట్టెయ్యగలను. చెప్పులు కూడా వేసుకున్నాను.

చెప్పులు విప్పేశాను. ఆవిడ వచ్చేదాకా ఆగి, పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. ఒడియాలో ఏమని చెప్పాలో పాప ప్రతి మెట్టు మీదా ఒకసారి అనుకుంది. బెల్లు దాని చేతే నొక్కించాను. తలుపు తెరుచుకునే లోపు అది రెండుసార్లు తలెత్తి నా ముఖంలోకి చూసింది. నేనే చేశానండీ అన్న మాట నోటిదాకా వస్తే ఆపుకున్నాను. అంత కష్టమైన పని నేను ఈ మధ్య ఏదీ చెయ్యలేదు. ఆవిడ తలుపు తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను మాట్లాడకుండా పక్కన నిలబడ్డాను.